పట్టా వానకా, నాకా

జూన్ 1, ఆదివారం

సాలూరు నుంచి అక్క ఫోన్. బావ తింటున్నాడు, నిద్రపోతున్నాడు, రాత్రి భోజనం కాగానే మాత్ర మింగుతున్నాడు. చెయ్యి మాత్రం వణుకుతోంది. టీ గ్లాసు సగమే నింపి ఇస్తోందట, ఒలకకుండా. అయ్యాక మళ్లీ సగం. "ఇదేటే సగం అంటే, సల్లారిపోకుండా అని సెప్తన్నాను తమ్ముడూ." ఆయనకు అసలు సంగతి తెలుసనే నా అనుమానం.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది ఉగాదికి ముందు. వేసవి అయిపోవస్తోంది. పనిచేసే లారీల షెడ్డు వైపు ఇంకా వెళ్లలేదు.

మామిడి ధరల వార్త పంపాను. విజయనగరంలో ఈ పూట కరెంటు లేదు.

జూన్ 3

బావకు ఫోన్ చేశాను. పోయినేడు దాకా నా గొంతు వినగానే, "ఏరా పేపరోడా, ఈయేల ఎవడి కొంప ముంచినావు?" అనేవాడు. బావమరిదిని తిట్టకుండా ఆయనకు మాట మొదలయ్యేది కాదు.

ఈరోజు: "బాగున్నారా? ఆఫీసుకెళ్లారా?"

మీరు! పెళ్లి పీటల మీద కూడా నన్ను మీరు అనలేదు.

నేనూ "ఆరోగ్యం ఎలా ఉంది" అని అడిగి పెట్టేశాను. తర్వాత అక్కను కదిపితే తెలిసింది — షెడ్డు వాళ్లు వస్తున్నారట, పళ్లు తెస్తున్నారట, అందరూ "సత్యంగారూ" అంటున్నారట. "మర్యాద బాగా పెరిగింది" అంది. సంతోషంగానే అంది.

జూన్ 6, శుక్రవారం

అక్క. పెరట్లోంచి, గొంతు తగ్గించి.

"మళ్లీ మొదలైనట్టున్నాది తమ్ముడూ."

లారీలు తనను చూసి రాతలు దాచేస్తున్నాయంటున్నాడట. వీధిలోకి రాగానే బండి వెనక తెర దిగుతోందట, వీధి దాటగానే లేస్తోందట. "అందరూ ఒకటైపోనారు, నాకు కనబడకుండా కప్పేస్తన్నారు అంటన్నాడు."

పోయినేడూ ఇలాగే మొదలైంది. బావ లారీలకు రంగులేస్తాడు. పేర్లు, పువ్వులు, వెనక చెక్క మీద మాటలు. తెలుగూ ఒరియా రెండూ రాస్తాడు. కొండ దిగి వచ్చే బళ్లు ఆయన కోసం ఆగేవి. ఉన్నట్టుండి ఆ రాతలన్నీ తన కోసమే రాసినవని పట్టుకున్నాడు. "మళ్లీ కలుద్దాం" అని ఉన్న బండిని నడిరోడ్డు మీద ఆపి, ఇది ఎవరు రాయమన్నారని డ్రైవరును నిలదీశాడు. రాసింది ఆయనే. నిద్ర పోయింది, తిండి పోయింది. ఒక మధ్యాహ్నం షెడ్డులో నిలిపి ఉన్న బళ్ల వెనక రాతలన్నిటినీ నల్లరంగుతో కప్పేశాడు. ఎవరూ కేసు పెట్టలేదు. షెడ్డు మేస్త్రీ పైడిరాజు తన బండిలోనే విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

సోమవారం మళ్లీ విశాఖ తీసుకెళదామన్నాను. కారు మాట్లాడాను.

అక్క భయం వేరు. ఇంటికి వచ్చిన రోజునే ఆయన చెప్పాడు: "ఇంకోపాలి నన్నక్కడికి తీసుకెల్తే మాత్ర ముట్టను." అంటే అన్నంత పనీ చేస్తాడు. మాత్ర ఆగితే ఏమవుతుందో…

జూన్ 7

తిరగబెడితే కనిపించే గుర్తులు డాక్టరు ముందే చెప్పారు. నిద్ర తగ్గుతుంది. తిండి తగ్గుతుంది. మందు తప్పుతుంది. అక్కను మళ్లీ అడిగాను.

నిద్ర? పోతున్నాడు. తిండి? తింటున్నాడు. మందు? నా ఎదురుగానే.

అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈ ఒక్క మాటే తేడా. వార్త అయితే డెస్కు వెనక్కి పంపేది — మళ్లీ కనుక్కో అని.

రేపు పొద్దున్నే బస్సు.

జూన్ 8, ఆదివారం — సాలూరు

షెడ్డు ఉన్న లారీల యార్డు నుంచి పెద్దరోడ్డుకు పోయే బళ్లన్నీ అక్క ఇంటి ముందు నుంచే. అరుగు మీద బావ పక్కన కూర్చున్నాను. మధ్యలో తాటిముంజల గిన్నె. ఆయన తినడం లేదు.

"మీ అక్క సెప్పీసిందా?"

"సెప్పింది."

"నమ్మవు కదా."

"నమ్మడం కాదు బావా. సూద్దాం."

ఒక బండి వచ్చింది. నిండు ఎండ. లోడు లేదు. వాన జాడ లేదు. వెనక చెక్కను మొత్తం మూస్తూ టార్పాలిన్ పట్టా వేలాడుతోంది, తాడుతో బిగించి. కాసేపటికి ఇంకోటి. దానికి టార్పాలిన్ లేదు, పాత దుప్పటి కట్టారు. లేచి దాని వెనకే మలుపు దాకా నడిచాను. బండి ఆగింది. క్లీనరు దిగి దుప్పటి విప్పి, చుట్టి, లోపల పడేశాడు. కింద రాత బయటపడింది. "నిదానంగా రా."

తిరిగి వచ్చేసరికి బావ రోడ్డు చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు.

"సూసినావా?"

"సూసినాను. కప్పుతన్నారు."

"ఉన్నాదా, అయితే" అన్నాడు. గిన్నె దగ్గరికి లాక్కుని ముంజ తీశాడు.

నేరుగా షెడ్డుకి పోయాను. పైడిరాజు చెప్పింది ఉన్నదున్నట్టు:

"ఎవలూ కప్పమన్లేదు బాబూ, మేవే. ఆ రాతలే కదా సత్యంగారి బుర్ర పాడుసేసినాయి. కనబడితే మళ్లీ బెంగెట్టుకుంటారని, ఆ ఈది దాటేదాకా పట్టా దించీమన్నాం. ఆయన ఇంటికొచ్చిన కాడ్నించీ అంతే."

"ఇంట్లో ఒక మాట చెప్పొచ్చు కదా?"

"మంచి సేసి సెప్పుకుంటామేటి బాబూ?"

కప్పడానికి ఏమీ లేని బళ్లు కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగి పోతున్నాయట. డీజిల్ ఎవరిదని అడిగాను. "ఎవలి డీజిలు ఆల్లదే" అన్నాడు, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

యార్డులో ప్రతి మనిషికీ తెలుసు. తెలియనిది ఆ ఇంట్లో వాళ్లకే.

బావకు చెప్పొద్దంది అక్క. సిగ్గుపడతాడని. డాక్టరుకు ఫోన్ చేశాను, ఆదివారమైనా ఎత్తారు. "ఆయన చూసింది అక్కడ ఉన్నదే. ఆ సంగతి ఆయనకు తెలియాలి, మీరే చెప్పండి. మందు మాత్రం ఆపొద్దు. రేపు రానక్కర్లేదు, మామూలు చెకప్‌కి రండి."

అన్నాల దగ్గర చెప్పాను. ఎవరు, ఎందుకు, ఎప్పటి నుంచి. తింటూనే విన్నాడు. మజ్జిగ పోసుకున్నాక:

"అయితే ఈపాలి పిచ్చి నాక్కాదు. ఊరికెక్కినాది."

అక్క నవ్వు ఆపుకోలేక గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. ఆయన మాత్ర మింగాడు.

కారు మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదనుకున్నాను.

జూన్ 9, సోమవారం

కారు వచ్చేసింది. వద్దని చెప్పడం మరిచాను.

తలుపు తీసింది బావే. డ్రైవరు నవ్వుతూ, "విశాఖ ఆసుపత్రికేనా సార్? పేషెంటెవరు?"

"ఎవలు పిలిసినారు?" — నా వైపు తిరిగి.

"నేనే బావా. శుక్రవారం."

"నాను నిజం సెప్పినాను. నువ్వు కారు పిలిసినావు."

కారు పంపేశాను. పగలంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భోజనం అయ్యాక అక్క మాత్ర, నీళ్లు తెచ్చింది. ముట్టలేదు.

"నిజం సెప్పినోడికి మందెందుకు?"

జవాబు ఉంది. నా నోట చెల్లదు.

జూన్ 10

ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పొడిగించాను.

పొద్దున అక్క అడిగింది. లేదు. నేనడిగాను. నన్ను చూడనే లేదు. రాత్రి సరిగ్గా పడుకోలేదని అక్క అంటోంది. గుర్తుల్లో మొదటిది.

దీపాలు పెట్టే వేళకు పక్కింటి తవిటమ్మ. గుమ్మం బయట నుంచే మొదలెట్టింది.

"ఒరే సత్తిగా! మందు మింగనంటన్నావటేటి?"

అక్క బెదిరి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో ఆ పేరు వినబడి చాలా కాలం.

బావ లేచి కూర్చున్నాడు. "నాను నిజం సెప్పినాను పిన్నీ. ఈల్లు నమ్మలేదు."

"నిజవే సెప్పినావు. ఆ లారీల కుర్రగుంటలు పట్టాలు దించడం నానూ సూసినాను. మంచికే కదాని ఊరుకున్నాను, బుద్ది తక్కువై. అయితేటి? నాకు బీపీ ఉన్నాది. ఈయేల తల తిరగలేదని మాత్ర ఒగ్గేస్తానేటి? ఒకపాలి అలగే ఒగ్గేసి నూతికాడ పడిపోనాను. నన్ను మోసుకొచ్చింది నువ్వే కదరా."

"మోసినాను. బరువు."

"బరువుంతాను మరి, తిండి తింతన్నాను." కొంగుముడి విప్పి తన మాత్ర తీసింది. "ఒలే, నీల్లు తే, రెండు గలాసులు. నాను మింగుతాను, నువ్వూ మింగు. ముందెవలు?"

బావ కాసేపు ఆవిడ అరచేతిలోకి చూశాడు. "ముందు మీరే. పెద్దవారు."

"సచ్చినోడా, ఇప్పుడొచ్చిందేటి మర్యాద!"

ఇద్దరూ మింగారు.

పడుకోబోయే ముందు నాతో: "ఎల్లుండి షెడ్డుకి పోదాం. పట్టాలు తీయించాల."

నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట.

జూన్ 12

షెడ్డు. మమ్మల్ని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు.

"రండి సత్యంగారూ, కూకోండి" — పైడిరాజు.

కూర్చోలేదు. "పట్టాలు దించడం ఆపీండి."

"రాతలు కనబడితే మళ్లీ మీకు…"

"కనబడకపోతే ఏటి దాస్తన్నారో అని బుర్ర తినేస్తాది. రాతే నయం. నాకు తేడాగా అనిపిస్తే అడుగుతాను. అక్కడ రాసింది అంతేనా అని. అంతే అయితే అంతే అనండి. మంచికని ఇంకోటి సెప్పకండి."

పైడిరాజు దగ్గరలో ఉన్న బండి వెనక్కి వెళ్లి తాడు విప్పాడు. టార్పాలిన్ జారింది.

"మళ్లీ కలుద్దాం."

పాత రాతే. నల్లరంగు గీకి తీసినట్టున్నారు, అంచుల్లో మరకలున్నాయి. బావ చూస్తూ నిలబడ్డాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"అంతేనా?"

"అంతే" అన్నాడు పైడిరాజు. ఒక క్షణం ఆగి, "కానీ ఆ ద కింద వొత్తు సూడు. లారీ కింద పడ్డ కుక్కపిల్లలాగున్నాది. డబ్బులిచ్చి రాయించుకున్నాడు సూడు, ఆడ్ని అనాల."

అందరి మొహాలూ బావ వైపు.

"ఒరే పైడిగా" అన్నాడు బావ. "నీకు అ ఆలే రావు. వొత్తు గురించి నువ్వు సెప్తావేటిరా?"

"ఏలిముద్దరోడికే తెలస్తన్నాది కదరా, అంత ఈనంగా ఉన్నాది!"

అక్కడి నుంచి ఎవరూ ఆగలేదు. టీ వచ్చేసరికి ఆయన పాత తప్పులన్నీ బయటికి తీశారు — ఎవరి బండి మీద దేవుడి పేరులో అక్షరం మింగాడో, ఎవరి నెమలి కోడిలా వచ్చిందో. ఆయన ప్రతిదానికీ ఎదురు చెప్పాడు. టీ గ్లాసు నిండా పోశారు. సగం ఒలికింది. చెయ్యి లుంగీకి తుడుచుకుని మిగతాది తాగాడు.

సత్యంగారూ అన్న మాట మళ్లీ వినబడలేదు.

జూన్ 13

విజయనగరం. బస్సెక్కేటప్పుడు బావ సంచి అందించాడు. కారు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేనే ఎత్తాల్సింది.

జూన్ 17

చెకప్‌కి నేనూ విశాఖ వెళ్లాను. బావ తనే ఒప్పుకుని వచ్చాడు; తవిటమ్మ వెంట పంపిన జంతికలతో. టార్పాలిన్ల కథ డాక్టరుకు ఆయనే చెప్పాడు.

"అనుమానం వస్తే ఏం చేస్తున్నారు?"

"అడుగుతన్నాను."

"ఎవరిని?"

"ఎవడు దగ్గరుంటే ఆడ్ని."

డాక్టరు రాసుకున్నారు. చేతి వణుకుకు మందు మార్చారు. అక్షరాలు రాయడానికి కొంత కాలం పడుతుందన్నారు. ఎంతని బావ అడగలేదు.

జూన్ 19

పైడిరాజు ఫోన్. "ఈయేల సత్తిగాడు ఒకే బండి గురించి మల్లీమల్లీ అడిగినాడు బాబూ. పోతాడు, మల్లీ వస్తాడు, అంతేనా అంటాడు."

"మీరేం చెప్పారు?"

"అంతే అన్నాం. పతీపాలీ."

"విసుక్కోలేదు కదా?"

"విసుక్కున్నాం. అయినా అంతే అనే సెప్పినాం."

అక్కకు, డాక్టరుకు చెప్పాను. చూస్తూ ఉండమన్నారు.

జూన్ 21

వాన మొదలైంది. ఆఫీసు మెట్ల మీద ఉండగా ఫోన్.

"ఒరే పేపరోడా!"

"ఏటి బావా?"

"ఊర్లో లారీలన్నిటికీ పట్టాలు దిగిపోనాయిరా. వానకా, నాకా?"

"వానకే."

"విజీనారంలో కూకుని నీకెలగ తెలుసురా?"

"అక్కడ వాన పడతన్నాదా?"

"కురిసేస్తన్నాది."

"మరింకేటి?"

"ఇదే సంగతి పైడిగాడ్ని అడిగినాను. నీ మొకానికి పట్టా కూడానా అన్నాడు, ఎదవ." నవ్వుతూనే పెట్టేశాడు.

నవ్వుతూ అన్నాడు. కానీ అడిగాడు.

జూన్ 24

డెస్కు నుంచి పురమాయింపు — మానసిక రోగులు కోలుకోవడంలో ఇంటివాళ్ల పాత్ర, ఇరుగుపొరుగు పాత్ర, ఆదివారం పేజీకి. ఇద్దరు డాక్టర్లతో మాట్లాడి రాసిచ్చాను. తప్పుల్లేవు. సాలూరు అందులో లేదు.

జూన్ 26

అక్క: షెడ్డులో పైడిరాజు పాత చెక్క ఒకటి ఇచ్చాడట. దాని మీద బావ గీతలు వేస్తున్నాడట. గీత తిన్నగా వస్తోంది. అక్షరం రావడం లేదు.

జూన్ 29, ఆదివారం

సాలూరు వెళ్లొచ్చాను.

కారు మాట నేనే ఎత్తాను. "ముందు వీధిలోకొచ్చి చూడాల్సింది బావా. చూడకుండా పిలిచాను." ఆయన పనసతొన ఒలుస్తున్నాడు. "పేపర్లో అయితే తప్పు పడింది అనీసి మర్నాడు ఏస్తారు కదరా?" అన్నాడు. వేస్తామన్నాను. "ఏసినావులే. తిను" అని తొన చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం వాన వెలిసింది. అరుగు మీద ఇద్దరం. మా ఎదుట గుంతలో నీళ్లు నిలిచి బళ్లు నెమ్మదిగా పోతున్నాయి. ఒక ఒడిశా బండి వచ్చింది. ఇక్కడి షెడ్డుది కాదు. వెనక చెక్క మీద ఒరియాలో ఒక వరస, ఎర్రరంగు, కొత్తది. కప్పు లేదు. అలవాటు కొద్దీ ఫోటో తీశాను.

బావ చదివాడు. పెదాలు కదిలాయి.

అంతేనా అంటాడని చూశాను. అంటే నా దగ్గర జవాబు లేదు. నాకు ఒరియా రాదు.

అనలేదు.

"ఏటి రాసున్నాది బావా?" — నేనే అడిగాను.

"నీకు రాదా?"

"రాదు."

"నాకొచ్చు" అన్నాడు.

బండి మలుపు తిరిగేదాకా చూశాడు. "మంచి సెయ్యి. ఎవడో కుర్రోడైయుంటాడు" అని లేచి లోపలికి పోయాడు.

సాయంత్రం తవిటమ్మ వచ్చింది. మాత్రల వేళ ఇప్పుడు ఆవిడ వచ్చే వేళే. "ముందెవలు?" "నువ్వే ముసలీ." మింగారు. అక్క టీ గ్లాసు నిండా పోసిచ్చింది. నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "బాగున్నాడు కదా?" అంది. బాగున్నాడన్నాను.

ఇంటికొచ్చాక ఫోన్ తీశాను. ఫోటో బాగానే వచ్చింది, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఆఫీసులో ఇచ్ఛాపురం ఆయన ఉన్నాడు, ఒరియా చదువుతాడు. పంపితే అక్కడ రాసింది ఏమిటో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఆయన పేరు దాకా వెళ్లాను. పంపలేదు.

ఫోటో చెరపనూ లేదు…